కాంతి పరావర్తనము, ఇన్‌స్పెక్టరుగారి బూట్లు

నాకు ఉద్యోగం వచ్చేనాటికి ఇరవై ఏళ్ళు. ట్రైనింగు పూర్తయిన మూడో నెలలో అనకాపల్లిలో ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి ఇచ్చారు. అరవైల మధ్య మాట. బడి బెల్లం మార్కెట్టుకు వెళ్ళే దారిలో ఉండేది. సీజనులో ఎడ్లబళ్ళు బారులు తీరి ఆగిపోతే పిల్లలు వాటి మధ్య దూరి బడికి వచ్చేవారు. వచ్చేసరికి సగంమంది చేతులు జిగురు జిగురుగా ఉండేవి. ఆ జిగురు తప్ప ఆ బడిలో మిగిలినదంతా హెడ్మాస్టారి అదుపులో ఉండేది.

హెడ్మాస్టారు చెడ్డ మనిషి కారు. పిల్లల్ని కొట్టేవారు కారు, నన్ను పల్లెత్తు మాట అనేవారు కారు. ఆయనకు ఉన్నదల్లా ఇన్‌స్పెక్టరంటే భయం. తుఫాను వచ్చి వంటపాక కప్పు ఎగిరిపోయిన రోజున నిశ్చింతగా హాజరు వేసిన మనిషి, ఇన్‌స్పెక్షన్ అన్న మాట చెవిన పడితే మంచినీళ్ళు అడిగేవారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన చేసిన ప్రతి పనీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఒక పెద్దమనిషికి చూపించడం కోసమే. పిల్లలు ఆ పెద్దమనిషి వచ్చేలోపల బడిలో కాలక్షేపం చేస్తూ ఉండేవారు.

నేను చేరడానికి రెండేళ్ళ ముందు జిల్లా ఆఫీసు నుంచి ఆ బడికి ఒక సైన్సు పెట్టె వచ్చిందట. అందులో అద్దం, భూతద్దం, అయస్కాంతం, ఇంకా ఏవేవో ఉన్నాయని చెప్పుకునేవారు. చెప్పుకునేవారు అనడం ఎందుకంటే, చూసినవాళ్ళు లేరు. హెడ్మాస్టారు దాన్ని తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. దసరాకు ఒకసారి బీరువా తెరిచి పెట్టెకు పసుపు, కుంకుమ పెట్టి మళ్ళీ మూసేసేవారు.

ఆ ఏడాది నాలుగో తరగతి సైన్సులో కాంతి పరావర్తనం పాఠం ఉంది. నేను వెళ్ళి అద్దం అడిగాను.

"అద్దం దేనికమ్మా?" అన్నారు.

"పాఠం చెప్పడానికండి."

"పుస్తకంలో బొమ్మ ఉంది కదా."

"బొమ్మలో మన ముఖం కనబడదు కదండీ."

ఆయన బీరువావైపు చూశారు. "పిల్లల చేతిలో పడి పగిలిందనుకో. రేపు ఇన్‌స్పెక్టరుగారు వచ్చి అద్దం ఏదీ అంటే నేనేం చూపించను? బొమ్మ చూపిస్తే ఊరుకుంటారా?" అన్నారు.

పిల్లలకు సరిపోయే బొమ్మ ఇన్‌స్పెక్టరుగారికి ఎందుకు సరిపోదో అడగాలనిపించింది. కొత్త ఉద్యోగం. అడగలేదు. తరగతికి వచ్చి నల్లబల్ల మీద ఒక అడ్డగీత గీసి, దాని మీదికి ఒక బాణం గీసి, అటునుంచి ఇంకో బాణం గీశాను. "పతన కోణము పరావర్తన కోణమునకు సమానము" అని రాశాను. పిల్లలు గొంతెత్తి చదివారు. రెండు రోజుల్లో అందరికీ నోటికి వచ్చింది. వీధిలో బళ్ళవాళ్ళకు కూడా వచ్చే ఉంటుంది.

మూడోరోజున ఒక పిల్లాణ్ణి లేపి, "పతన కోణం అంటే ఏమిటి?" అని అడిగాను.

"పరావర్తన కోణమునకు సమానమండి."

"మరి పరావర్తన కోణం అంటే?"

"పతన కోణమునకు సమానమండి."

వాడు తప్పు చెప్పాడని అనలేకపోయాను. కూర్చోమన్నాను. నిజానికి అంతకంటే ఎక్కువ నాకూ తెలియదు. ట్రైనింగులో నాకు పాఠం చెప్పినాయన కూడా బల్ల మీద రెండు బాణాలే గీశారు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. వాళ్ళమ్మ సముద్రపు ఒడ్డునున్న పూడిమడక నుంచి చేపలు తెచ్చి అనకాపల్లిలో అమ్మేది. పిల్ల మాత్రం ఊళ్ళోనే అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేది. అడిగితే తప్ప మాట్లాడేది కాదు. ఆ రోజు అడక్కుండానే లేచింది.

"టీచరుగారండి, మా ఇంట్లో గోలెంలో నీళ్ళల్లో నా మొకం అవుపడతాదండి. సముద్రంలో అవుపడదండి. ఎందుకండి?"

తరగతంతా నావైపు తిరిగింది. ఆ రెండు బాణాల్లో దీనికి జవాబు ఎక్కడుందో నాకు తెలియలేదు. తెలియదని చెప్పడం మాకు ట్రైనింగులో నేర్పలేదు.

"సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయి కదమ్మా. అందుకని" అన్నాను.

అమ్మాయి తల ఊపి కూర్చుంది. జవాబు బాగానే ఉందనుకున్నాను. మర్నాడు హాజరు వేస్తుండగానే మళ్ళీ లేచింది.

"గోలెంలో ఉప్పేసి సూసేనండి. అవుపడిందండి."

"కొంచెమే వేసుంటావు."

"లేదండి. కుండడు ఏసేనండి. మా అమ్మమ్మ కొట్టిందండి."

తొమ్మిదేళ్ళ పిల్ల నా మాట నమ్మింది, నమ్మిన మాటను పరీక్షించింది, పరీక్షించినందుకు దెబ్బలు కూడా తింది. చదువుకున్నదాన్ని నేను ఆ మూడింటిలో ఒక్కటీ చెయ్యలేదు.

మెయిన్ రోడ్డు మీద పటాలు కట్టే సాయిబు ఒకాయన ఉండేవాడు. దేవుళ్ళ పటాలు, పెళ్ళి ఫోటోలు కట్టడంతోపాటు, పూత పోయిన పాత అద్దాలకు కొత్త పూత వేసేవాడు. ఆ సాయంత్రం నేరుగా ఆయన దుకాణానికి వెళ్ళాను. ఒక చిన్న అద్దం ముక్క కావాలని, బడిలో పాఠానికని చెప్పాను. ఆ పిల్ల అడిగిన ప్రశ్న, ఉప్పు వేసి చూసిన సంగతి కూడా చెప్పి, సంగతేమిటో ఆయనకేమైనా తెలుసా అని అడిగాను.

సాయిబు నవ్వలేదు. చేతిలో ఉన్న గాజుపలకను నా ముందు ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదేటి టీచరమ్మా?"

"గాజు."

"ఇందులో మీరు అవుపడతన్నారా, నేను అవుపడతన్నానా?"

"మీరే కనబడుతున్నారు."

"అవును. ఇప్పుడిది కిటికీ. ఎలుతురు ఇటునుంచి అటు ఎల్లిపోతంది. దీని ఎనక పూత ఏసేననుకోండి, ఎలుతురు ఎల్లడానికి దారి లేదు. తిరిగి మీ దగ్గిరికే వత్తాది. అప్పుడు మీకు మీరే అవుపడతారు."

"మరి గోడ? గోడలోంచి కూడా వెలుతురు వెళ్ళదు కదా. గోడలో నేను కనబడనేం?"

"గోడ కూడా తిరిగి పంపుతాది అమ్మా. పంపకపోతే మనకి గోడే అవుపడదు. చీకట్లో అవుపడతాదా? కాని గోడ గరుకు. ఒక్కో గరుకు ఒక్కో వైపుకి తిరిగి ఉంటాది. ఎలుతురు తలో దిక్కుకీ పోతాది. అద్దం నున్నన. వచ్చినదాన్ని వచ్చిన వరసలోనే పంపేత్తాది. మన మొకం సెదరకుండా వత్తాది. మీ సముద్రం కూడా అంతే. అలలుంటే గోడ. అలలు లేపోతే అద్దం. ఉప్పుకేటి సంబంధం?"

ఉప్పు సంగతి ఎవరు చెప్పారో ఆయనకు నేను చెప్పలేదు.

ఆయన ఒక అద్దం ముక్క తీసి, అంచులు రాతి మీద అరగదీసి, పిల్లల చేతులు తెగవని తన వేలితో రుద్ది చూసి ఇచ్చాడు. పాఠం అయ్యాక తెచ్చి ఇస్తానంటే, "అద్దాలు నా దగ్గిర శానా ఉన్నాయి. సదువుకుంటామని అడిగినోళ్ళే లేరు" అన్నాడు.

మర్నాడు బల్ల మీద బాణాలు తుడిపేశాను. పిల్లల్ని వరండాలో రెండు పక్షాలుగా నిలబెట్టి ఒక రబ్బరు బంతి తెప్పించాను. వాలుగా విసిరితే సిమెంటు నేల మీద పడి అంతే వాలుగా అవతలి పక్షానికి లేచి వెళ్ళింది. నిటారుగా వేస్తే నిటారుగా వేసినవాడి చేతిలోకే వచ్చింది. కాసేపటికి బంతి ఎక్కడ పడితే ఎవరి చేతికి వస్తుందో పిల్లలే ముందుగా చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడు పెరట్లో కంకర పోగు మీదికి విసరమన్నాను. బంతి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి, ఒకసారి హెడ్మాస్టారి గది కిటికీలోకి పోయింది. ఆయన బంతి తిరిగి ఇచ్చి, ఇది ఏ పీరియడు అని అడిగారు. సైన్సు అన్నాను. ఆయన గడియారం చూసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

తరగతిలోకి వచ్చి తలుపులు మూశాను. కిటికీ రెక్కల సందులోంచి సన్నటి ఎండ లోపల పడుతోంది. డస్టరు రెండుసార్లు దులిపితే సుద్దపొడిలో ఆ ఎండ తాడులా కనబడింది. దాని దారిలో అద్దం పెట్టాను. తాడు విరిగి పైకప్పు మీదికి వెళ్ళింది. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి అద్దం తిప్పి ఆ వెలుగుమచ్చను తమ తమ స్నేహితుల చొక్కాల మీదికి పంపుకున్నారు.

"బంతేనండి ఇది" అన్నాడు కోణాలు అప్పజెప్పిన పిల్లాడు.

చేపల అమ్మాయి మాత్రం అద్దం తిప్పలేదు. ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు చూస్తూ ఉంది. "ఆటుకి నీరు దిగిపోయేక ఇసకలో మడుగులు నిలుత్తాయండి. అయ్యీ ఉప్పునీళ్ళేనండి. అందులో మా అమ్మ మొకం సూసుకుని బొట్టు దిద్దుకుంటాదండి" అంది. ఆ తర్వాత ఇక సందేహం లేనట్టు కూర్చుంది.

రెండు వారాలకు ఇన్‌స్పెక్షన్ కబురు వచ్చింది. హెడ్మాస్టారు మంచినీళ్ళు తాగి, నాలుగో తరగతి సైన్సు పాఠం చూపిద్దామన్నారు. చూపించవలసినది పాఠం కాదు, పెట్టె. ముందురోజు సాయంత్రం నా ఎదుట బీరువా తెరిచి, పెట్టె తీసి, కుంకుమ తుడిచి, మూత ఎత్తారు. అద్దం చుట్టూ నాలుగు పొరల కాగితం. అన్నీ విప్పాక ఆయన అద్దాన్ని ముఖం ముందు పెట్టుకుని అటూ ఇటూ తిప్పారు. తర్వాత నా చేతికిచ్చారు. రెండు వానాకాలాలు చెమ్మ తగిలి వెనక పూతంతా రేకులు రేకులుగా ఊడిపోయింది. మిగిలిన చోట నల్లమచ్చలు. అందులో నాకు ఒక చెవి, కొంత జుట్టు కనబడ్డాయి.

"ఎవరూ ముట్టుకోనైనా లేదమ్మా" అన్నారు ఆయన, ఎవరో మోసం చేసినట్టు.

"నా దగ్గర ఒక ముక్క ఉందండి."

"అది గవర్నమెంటుది కాదు కదా."

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. గవర్నమెంటు అద్దం బల్ల మీద పెట్టాలి. సాయిబు అద్దంతో పాఠం చెప్పాలి. ఇన్‌స్పెక్టరుగారు అడిగితే మొదటిది చూపించాలి, కాని చేతికివ్వకూడదు.

ఇన్‌స్పెక్టరుగారు పొద్దున్నే వచ్చారు. తెల్లటి పాంటు, కోటు, నల్లబూట్లు. ఆయనకు వేసిన కుర్చీ పక్కనే, కొంచెం వెనగ్గా హెడ్మాస్టారు స్టూలు మీద కూర్చున్నారు. నా పాఠ్య ప్రణాళిక కాగితం ఇన్‌స్పెక్టరుగారి చేతికిచ్చాను. ఆయన పెన్సిలుతో ఒక్కొక్క వాక్యమే చదువుతూ ఒకచోట ఆగారు.

"సముద్రంలో ముఖం ఎందుకు కనబడదు. ఇదేమిటమ్మా, పుస్తకంలో లేదే. అది ఉప్పు వల్ల కదా?"

"ఉప్పేనండి" అన్నారు హెడ్మాస్టారు.

తరగతిలో ముందు ఒకరు, తర్వాత పదిమంది కిసుక్కుమన్నారు. ఇన్‌స్పెక్టరుగారు కాగితం దించారు. ఎవరు నవ్వారని అడగలేదు, ఎందుకు నవ్వారని అడిగారు.

చేపల అమ్మాయి లేచింది. "ఉప్పు కాదండి. నేను ఏసి సూసేనండి" అంది. గోలెం సంగతి, మడుగుల సంగతి, అమ్మమ్మ కొట్టిన సంగతి వరసగా చెప్పింది. అలలుంటే సముద్రం గోడలాగా అని చెప్పింది. మొదట ఉప్పని చెప్పింది ఎవరో మాత్రం చెప్పలేదు. ఆ దయ నేను ఈనాటికీ మర్చిపోలేదు.

ఇన్‌స్పెక్టరుగారు కోపం తెచ్చుకోవాలా వద్దా అని తేల్చుకోలేనట్టు కనిపించారు. ఆ వ్యవధిలో నేను పాఠంలోకి దూకాను. "ఈ గదిలో వెలుతురును చెదరకుండా తిరిగి పంపేవి ఏమేమి ఉన్నాయో చూసి చెప్పండి" అన్నాను.

"అద్దమండి" అన్నారు. గవర్నమెంటు అద్దాన్ని కాదు, నా చేతిలోదాన్ని చూపించి. కేరేజీ మూత అన్నారు. చెంబులో నీళ్ళు అన్నారు. నూనె రాసిన జడ అన్నారు. ఆ జడ ఉన్న పిల్ల లేచి నిలబడి తిరిగి చూపించింది కూడా.

అప్పుడు చేపల అమ్మాయి, "ఆ బాబుగారి బూట్లండి" అంది.

అడిగినది నేను. చెప్పినది సరైన జవాబు. ఇక వెనక్కి పోవడానికి దారి లేదు.

"ఎందుకు?" అని అడిగాను.

"మా హెడ్మాస్టారివీ తోలేనండి. కాని అయ్యి గరుగ్గా ఉన్నాయండి. ఈరివి రుద్ది రుద్ది నున్నగా సేసేరండి. అందుకని మెరుత్తన్నాయండి."

హెడ్మాస్టారు తన చెప్పుల్ని స్టూలు కిందికి లాక్కున్నారు. ఇన్‌స్పెక్టరుగారు తన బూట్లవైపు మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నారు. ఆయన బసలో ప్యూను పొద్దున్నే గంటసేపు పాలిష్ పట్టి ఉంటాడు. ఆ శ్రమను ఇంతవరకూ ఎవరూ గుర్తించి ఉండరు. ఆయన కుడికాలు కొంచెం ముందుకు చాపారు.

"ఏదీ, ముఖం కనబడుతోందా?" అన్నారు.

ముందు వరసలో పిల్లాడు వంగి చూశాడు. "ముక్కు అవుపడతందండి. శానా పెద్దదిగా అవుపడతంది."

అంతే. నలభైమంది పిల్లలు వరస కట్టారు. ఒక్కొక్కరూ వంగడం, ముక్కు చూసుకోవడం, పక్కకు తప్పుకోవడం. వంగడం ఇబ్బందిగా ఉందని ఎవరో అంటే, ఇన్‌స్పెక్టరుగారే హెడ్మాస్టారి స్టూలు అడిగి తీసుకుని దానిమీద కాలు పెట్టారు. హెడ్మాస్టారు నిలబడ్డారు. బూటు ముందుభాగం గుండ్రంగా ఉంది కాబట్టి దగ్గరగా ఉన్న ముక్కు మిగతా ముఖం కంటే పెద్దదిగా కనబడుతోందని నేను చెప్పాను. అయితే పక్కభాగంలో చూడమని ఇన్‌స్పెక్టరుగారు కాలు తిప్పారు. రెండో విడత వరస మొదలైంది. ఆయన నవ్వడం అప్పుడు చూశాను. నవ్వు అలవాటు లేని ముఖం. కాని బాగుంది.

పెట్టె సంగతి ఆయన అడగనే లేదు.

ఆయన రిపోర్టు నిజాయితీగా రాశారు. పాఠం చక్కగా సాగిందనీ, తన బూట్ల సహాయంతో పిల్లలు విషయాన్ని బాగా గ్రహించారనీ రాశారు. అదే మాకు ముప్పు తెచ్చింది. ఆ రిపోర్టు చదివిన పై ఆఫీసు నుంచి నెల తిరక్కుండా నా పేర మెమో వచ్చింది. "తనిఖీకి వచ్చిన అధికారి ధరించియున్న పాదరక్షలను బోధనోపకరణముగా ఉపయోగించుటకు ముందస్తు అనుమతి ఏల పొందలేదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

నేను రాసిన మొదటి జవాబు ఇది: "పాదరక్షలను అధికారివారు స్వయముగా ముందుకు చాపియున్నందున అనుమతి లభించినట్లు భావించితిని." హెడ్మాస్టారు చదివి రెండు చేతులూ జోడించారు. "అమ్మా, నాకు ఇంకా నాలుగేళ్ళు సర్వీసుంది" అన్నారు. ఇద్దరం కూర్చుని, ఇకమీదట పాదరక్షల జోలికి పోనని రాశాం. కొన్నాళ్ళకు తెలిసింది, ఇన్‌స్పెక్టరుగారిని కూడా అడిగారట, బూట్లు ఇష్టపూర్వకంగానే ఇచ్చారా అని.

పెట్టెలోని అద్దాన్ని హెడ్మాస్టారు సాయిబు దగ్గరికి తీసుకెళ్ళి కొత్త పూత వేయించారు. బడికి తెచ్చి కాగితం చుట్టి మళ్ళీ బీరువాలో పెట్టారు. నేను అడగలేదు. పిల్లలకు చెంబులో నీళ్ళు చాలు.

ఒకరోజు బడి వదిలాక ఆయన నా తరగతి గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో రబ్బరు బంతి ఉంది.

"ఖాళీయేనా అమ్మా?" అన్నారు. తర్వాత, వెనక ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, "ముప్పై ఏళ్ళనుంచి సమానము, సమానము అని చెప్తూ వచ్చేను. ఏది దేనికి సమానమో నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి చూపిస్తావా?" అన్నారు.

వరండాలో ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. నేను వాలుగా విసిరాను. ఆయన పట్టుకోలేకపోయారు. రెండోసారి పట్టుకున్నారు. చేతిలో బంతిని కాసేపు చూసి, ఈసారి తనే విసిరారు. అది నేల తాకి నా చేతిలోకి వచ్చేదాకా కళ్ళు ఆర్పకుండా చూశారు.

"ఓహో" అన్నారు, మెల్లిగా.

చాలాసేపు ఆడాం. ఆయన ఉత్తరీయం గోడమీద పెట్టి మరీ ఆడారు.

మరుసటి ఏడాది చేపల అమ్మాయి ఐదో తరగతి పాసై వెళ్ళిపోతుంటే ఆయన టీసీ రాస్తున్నారు. ప్రవర్తన అన్నచోట అందరికీ తృప్తికరము అని రాయడం ఆయన అలవాటు. ఆ పిల్లకు మాత్రం కలం ఆగింది. తర్వాత "ప్రశ్నలు అడుగును" అని రాశారు. రాసి, కాగితం నావైపు తిప్పారు.

"ఇది మెప్పులాగా ఉందా, ఫిర్యాదులాగా ఉందా?"

"చదివేవాళ్ళని బట్టండి" అన్నాను.

ఆయన ఇంకొంచెంసేపు చూసి, కొట్టెయ్యకుండా కింద సంతకం పెట్టారు.